మబ్బు కట్టిన గాలి

1999 జులై 7న దక్షిణ కొరియా తీరానికి దగ్గర్లో, అమెరికా విమానవాహక నౌక కాన్‌స్టెలేషన్ మీద నిలబడి జాన్ గే అనే నౌకాదళ అధికారి ఒక ఫొటో తీశాడు. ఎఫ్/ఏ-18 హార్నెట్ యుద్ధవిమానం సముద్రానికి బాగా కిందుగా, నౌక పక్కనుంచి దూసుకుపోతోంది. దాని నడుము చుట్టూ తెల్లటి మేఘం. ముందువైపు పలచగా మొదలై, వెనక్కి వెళ్లేకొద్దీ వెడల్పై, ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆ కోత వెనక మళ్లీ మామూలు గాలి, మామూలు ఆకాశం. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో శాస్త్ర సాంకేతిక విభాగంలో ఆ ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. అప్పటినుంచి అది పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో, గోడల మీద పోస్టర్లలో, ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఎక్కడ కనిపించినా దాదాపు ఒకటే వ్యాఖ్య తోడుగా వస్తుంది: విమానం ధ్వని అవరోధాన్ని ఛేదిస్తున్న క్షణం.

ఫొటో నాకు ప్రాణం. ఆ వ్యాఖ్యతోనే నాకు పేచీ. అందులో అబద్ధం ఉందన్నది ఒక కారణం. ఆ అబద్ధం, దాని వెనక ఉన్న నిజం కంటే చాలా చిన్నదన్నది అసలు కారణం.

ఆ మేఘం ధ్వని వేగం దాటినందుకు రుజువు కాదు. ధ్వని వేగం దాటకుండానే అది పుడుతుంది. దాటినా పుట్టకపోవచ్చు. విమానం ఎంత వేగంగా పోతోందన్న ప్రశ్నతో పాటు, అది పోతున్న గాలిలో నీళ్లెన్ని ఉన్నాయన్న ప్రశ్నకు కూడా అది జవాబు. రెండో ప్రశ్నను మనం అడగం. గాలిలో నీళ్లుంటాయని చిన్నప్పుడే చదువుకున్నా, ఆ మాట మన ఒంటికి తెలిసినంతగా మన బుర్రకు తెలియదు.

ముందు ఒంటికి తెలిసిన సంగతే చూద్దాం. ఆగస్టులో కాకినాడలోనో మచిలీపట్నంలోనో మధ్యాహ్నం చొక్కా వీపుకు అంటుకుపోతుంది, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట ఆరదు. 30 డిగ్రీల వేడి దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అంతకు మించి మోయలేదు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న మామూలు గది తీసుకోండి. ఉక్కపోత రోజున ఆ గది గాలిలో లీటరుకు కాస్త తక్కువ నీళ్లు, చుక్క కూడా కంటికి ఆనకుండా తిరుగుతుంటాయి. అదే గాలిని 20 డిగ్రీలకు చల్లబరిస్తే, ఘనమీటరు 17 గ్రాముల దాకానే మోస్తుంది. మిగిలిన నీళ్లు ఎక్కడికో పోవాలి. అవి సన్నటి బిందువులై బయటపడతాయి. మంచయినా, మబ్బయినా, చలిరోజు మన నోట్లోంచి వచ్చే పొగయినా, అన్నిటి కథా ఇదే.

మరి మండు వేసవిలో, సముద్రం మీద, క్షణంలో గాలిని చల్లబరిచేదెవరు? చల్లబరచడానికి మంచుగడ్డ అక్కర్లేదు. గాలిని ఒక్కసారిగా వ్యాకోచించనిస్తే చాలు. బయటినుంచి వేడి పుచ్చుకునే వ్యవధి ఇవ్వకుండా విస్తరింపజేస్తే, గాలి తన లోపలి వేడినే ఖర్చు పెట్టుకుని చల్లబడుతుంది. 30 డిగ్రీల గాలిలో ఒత్తిడి ఉన్నట్టుండి పదో వంతు తగ్గితే, వేడి దాదాపు 9 డిగ్రీలు పడిపోతుంది. అయిదో వంతు తగ్గితే 19 డిగ్రీల దాకా పడుతుంది. ఉక్కపోత గాలికి అంత దెబ్బ అక్కర్లేదు, అయిదారు డిగ్రీలు చాలు.

దీన్ని కళ్లారా చూడాలంటే యుద్ధవిమానమే కానక్కర్లేదు. సోడా బండి దగ్గర నిలబడండి. ఐసులో పెట్టిన గోలీసోడా తీసి, బండివాడు మూతి మీద చెయ్యి ఆనించి గోలీని లోపలికి గుద్దుతాడు. ఆ కీచుమనే చప్పుడు మీకు తెలుసు. చెవి వదిలేసి, ఈసారి కన్ను పెట్టి చూడండి. గోలీ జారిన మరుక్షణం సీసా మెడలో తెల్లటి పొగ లాంటిది లేచి, ఒక్క రెప్పపాటు నిలిచి మాయమవుతుంది. అది సోడాలోంచి వచ్చిన పొగ కాదు. గోలీ బిగించి ఉంచిన ఒత్తిడి ఒక్కసారిగా సడలి, మెడలో ఉన్న వాయువు విస్తరించి, చల్లబడి, తనలోని ఆవిరిని మబ్బు కట్టించింది. హార్నెట్ నడుము చుట్టూ జరిగింది అక్షరాలా ఇదే. పోలిక కోసం చెప్పడం లేదు, రెండూ ఒకటే భౌతికశాస్త్రం.

విమానం దగ్గర ఒత్తిడి సడలించేది దాని ఆకారమే. కాక్‌పిట్ మీది గాజుగుబ్బ, రెక్కల వీపు, ఒంటి మీద ఉబ్బుగా ఉన్న ప్రతి చోటా గాలి వంపు తిరిగి తొందరగా పోవాలి. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. విమానం మొత్తంగా ధ్వని వేగంలో తొంభై శాతం దగ్గర ఉన్నప్పుడే, ఆ వంపుల మీద జారే గాలి మాత్రం ధ్వనిని మించిపోతుంది. అంటే ధ్వని కంటే నెమ్మదిగా పోతున్న విమానం ఒంటి మీద, ధ్వనిని దాటిన గాలి జేబులు కొన్ని ఏర్పడతాయి. వాటిలో ఒత్తిడి బాగా పడిపోతుంది. పైగా ధ్వని వేగానికి దగ్గరవుతున్నకొద్దీ ఈ మార్పు విమానం ఒంటినే అంటిపెట్టుకుని ఉండదు. పక్కలకు, పైకి, కిందికి దూరదూరంగా పాకుతుంది. అందుకే మేఘం రెక్క మీది పొరలా ఉండిపోకుండా విమానాన్నంతా చుట్టేసే శంకువవుతుంది.

ఆ గాలి జేబు చివర ఒక షాక్ వేవ్ ఉంటుంది. ధ్వనిని దాటిన గాలి మళ్లీ మామూలు వేగానికి దిగవలసిన చోటు అది. ఆ దిగడం నెమ్మదిగా జరగదు. కాగితం మందం కంటే సన్నని హద్దులో ఒత్తిడి ఒక్క ఎగురు ఎగురుతుంది, గాలి వేడెక్కుతుంది, బిందువులు తిరిగి ఆవిరైపోతాయి. ఫొటోలో మేఘం వెనక అంచు అంత నిక్కచ్చిగా ఉండటానికి కారణం అదే. కంటికి కనపడని షాక్ వేవ్ ఎక్కడుందో ఆ అంచు గీత గీసి చూపిస్తోంది.

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్న సంగతి వేరే ఉంది. ఆ మేఘం విమానంతో పాటు ప్రయాణం చేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అందులోని ఏ బిందువూ విమానంతో పోదు. ప్రతి బిందువూ సముద్రం మీద తానున్న చోటే దాదాపుగా ఉండిపోతుంది. విమానం వచ్చి, పక్కనుంచి దాటిపోతుంది. మేఘం పొడవు పది మీటర్లనుకుందాం. విమానం సెకనుకు 330 మీటర్ల చొప్పున పోతోంది. అంటే ఒక్కొక్క బిందువు పుట్టి, పెరిగి, ఆవిరైపోవడానికి ఉన్న గడువు సెకనులో ముప్పయ్యో వంతు. ఆ తర్వాత ఆ చోట నీళ్లు మునుపటిలాగే ఆవిరిగా ఉంటాయి. ముందుకు సాగిపోయేది ఆకారం ఒక్కటే. ఆ ఫొటోలో మనం చూస్తున్న నీళ్లు, ఫొటో తీసే ముందు క్షణంలో మేఘం కావు, తర్వాతి క్షణంలోనూ కావు. ఇంత గొప్ప సంగతిని వదిలేసి, విమానం ఏదో గోడను పగలగొట్టిందని చెప్పుకుంటున్నాం.

ఆ గోడ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి, ఎందుకంటే దాని వెనక ప్రాణాలున్నాయి. 1920ల్లో జర్మనీలోని గోటింగెన్‌లో లుడ్విగ్ ప్రాంట్ల్, 1928లో ఇంగ్లండులో హెర్మన్ గ్లావర్ట్ ఒక సూత్రం చెప్పారు. వేగం పెరిగేకొద్దీ రెక్క మీద ఒత్తిడి మార్పులు ఎన్ని రెట్లవుతాయో అది చెబుతుంది. ధ్వని వేగంలో ఎనభై శాతం దగ్గర అవి 1.67 రెట్లు. తొంభై దగ్గర 2.3 రెట్లు. తొంభై తొమ్మిది దగ్గర ఏడు రెట్లు. సరిగ్గా ధ్వని వేగం దగ్గర? అనంతం. కాగితం మీద అనంతం వస్తే అది ప్రకృతిలో అనంతం ఉందని కాదు, ఆ సూత్రానికి అక్కడితో కాలం చెల్లిందని. గాలిలో కలిగే మార్పులు స్వల్పంగానే ఉంటాయన్న ఊహ మీద కట్టిన లెక్క అది, ఆ ఊహ అక్కడ నిలవదు. కానీ ఆ రోజుల్లో విమానాలు నిజంగానే ఆ వేగం దగ్గర వణికేవి, అదుపు తప్పేవి. 1946 సెప్టెంబరులో చిన్న జెఫ్రీ డి హావిలాండ్ నడుపుతున్న డీహెచ్ 108 విమానం గాల్లోనే ముక్కలై ఆయన చనిపోయాడు. సూత్రంలోని అనంతం, ఇలాంటి మరణాలు కలిసి జనం మనసులో ఒక గోడ కట్టాయి. ఈ మేఘానికి ఇప్పటికీ చాలామంది ప్రాంట్ల్, గ్లావర్ట్‌ల పేరే పెడుతున్నారు. సూత్రం చేతులెత్తేసిన చోటుకు, తేమ మబ్బు కట్టిన చోటుకు సంబంధం లేదు. గ్లావర్ట్ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 1934లో చెట్టు మొద్దులను పేలుడు పదార్థంతో పేలుస్తుంటే దూరంగా నిలబడి చూస్తున్న ఆయనకు ఎగిరివచ్చిన ముక్క తగిలింది, ప్రాణం పోయింది. నలభై రెండేళ్ల వయసు కూడా నిండలేదు.

1947 అక్టోబరు 14న అమెరికా పైలట్ చక్ యేగర్ బెల్ ఎక్స్-1 విమానంలో ధ్వని వేగాన్ని మొదటిసారి దాటాడు. కాలిఫోర్నియాలోని మొహావి ఎడారి మీద, 13 కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 1,127 కిలోమీటర్ల వేగంతో. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల గాలిలో ధ్వని వేగం గంటకు 1,225 కిలోమీటర్లు. మరి తక్కువ వేగంతో యేగర్ ఎలా దాటాడని అనుమానం రావచ్చు. పైన గాలి గడ్డకట్టే చలిలో ఉంటుంది, చలిగాలిలో ధ్వని నెమ్మదిస్తుంది. అంత ఎత్తున, అంత చలిలో గాలి మోసే నీళ్లు లెక్కలోకి రానంత తక్కువ. కనుక, లోకం చెప్పుకునే ఆ గోడను నిజంగా దాటిన రోజున చుట్టూ మబ్బు కట్టేంత తేమ లేదు. కొరియా తీరంలో జులై నెలలో, తడిగాలిలో తీసిన ఫొటోకు మాత్రం ఆ ఘనత దక్కింది.

ఇక ధ్వనిని మించి పోయే విమానం నుంచి వినపడే పెద్ద చప్పుడు. గోడ పగిలిన ఆ ఒక్క క్షణంలో వచ్చే ధ్వని అదేనని మరో నమ్మకం, అదీ తప్పే. ధ్వనిని మించి పోతున్నంతసేపూ విమానం ఆ షాక్ వేవ్‌ను నేల మీద ఈడ్చుకుంటూనే పోతుంది, దారిలో ఉన్న ప్రతి ఊరికీ ఒక్కసారి వినపడుతుంది. 2020 మే 20 మధ్యాహ్నం బెంగళూరు అంతా ఉలిక్కిపడింది, కిటికీలు దడదడలాడాయి. అది వాయుసేన విమానం పరీక్షలో భాగంగా నగరానికి దూరంగా ధ్వనిని మించి ఎగరడం వల్ల వచ్చిందని రక్షణశాఖ సాయంత్రానికి వివరణ ఇచ్చింది.

తేమను పట్టించుకోనందుకు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా చిక్కుపడ్డారు. 1935లో రోమ్‌లో వోల్టా మహాసభ జరిగింది. విమానాల అధిక వేగాలే ఆ ఏడు చర్చాంశం. గోటింగెన్ గాలిసొరంగంలో, అంటే విండ్ టనెల్‌లో, తీసిన ఒక ఫొటోను ప్రాంట్ల్ అక్కడ చూపించాడు. ధ్వనిని మించిన ప్రవాహంలో, ఉండకూడని చోట, ఇంటూ గుర్తులా రెండు షాక్ వేవ్‌లు అడ్డంగా ఉన్నాయి. అవి గదిలోంచి పీల్చిన గాలిలోని తేమ పని అని తేలింది. గాలి సొరంగంలో విస్తరించి, చల్లబడి, మబ్బు కట్టి, ఆ మబ్బు విడిచిన వేడి ప్రవాహాన్నే చెదరగొట్టింది. అప్పటినుంచి అలాంటి సొరంగాల్లోకి గాలిని పంపే ముందు ఎండబెట్టడం నియమమైంది. మన దేశంలో ధ్వనిని మించిన వేగానికి తొలి గాలిసొరంగాన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో నెలకొల్పినవాడు సతీశ్ ధావన్. మన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఇప్పుడున్నది ఆయన పేరే. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకోపక్క బంగాళాఖాతం ఉన్న తడినేల అది. తడిగాలిలోంచి పైకి లేచే ఏ రాకెట్టుకైనా ధ్వని వేగం దగ్గర ఇలాంటి తెల్లటి పట్టీ కట్టే అవకాశముంటుంది. 1969 జులైలో అపోలో 11ను మోసిన సాటర్న్ రాకెట్టు చుట్టూ కట్టిన పట్టీ ఫొటోల్లో చక్కగా కనిపిస్తుంది.

తేమను శత్రువుగా చూడకుండా, దాన్నే నమ్ముకున్నవాడు ఒకడున్నాడు. స్కాట్లండు యువకుడు సి.టి.ఆర్. విల్సన్. 1894 సెప్టెంబరులో బెన్ నెవిస్ కొండ మీది వాతావరణ కేంద్రంలో కొన్నాళ్లు ఉన్నాడు. కొండకింద పరుచుకున్న మబ్బుల మీద సూర్యుడు వేసే రంగుల వలయాలు చూసి మైమరచిపోయాడు. కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, ఆ మబ్బును గాజుపాత్రలో తయారుచేద్దామని కూర్చున్నాడు. తడిగాలిని ఒక్కసారిగా విస్తరింపజేశాడు, మన గోలీసోడా పద్ధతే. ధూళి లేని గాలిని కూడా ఒకటింబావు రెట్లు విస్తరింపజేస్తే బిందువులు కడుతున్నాయని కనుక్కున్నాడు. ఆ దారిలోనే 1911 నాటికి, పాత్రలోంచి దూసుకుపోయే పరమాణు కణాల జాడను మబ్బు గీతగా చూడగలిగాడు. 1927లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను పట్టుకున్నది ఇలాంటి మబ్బు పెట్టెలోనే. కొండ మీది మబ్బు మీద మనసు పడిన మనిషి వల్ల, ఎవ్వరూ ఎన్నడూ చూడలేమనుకున్న కణాలు అడుగుజాడలు వదిలాయి. ధ్వని వేగం దగ్గర విమానం చుట్టూ కట్టే మబ్బుకు ఎవరి పేరైనా పెట్టాలంటే నేనైతే విల్సన్ పేరే పెడతాను.

పెద్ద పేలుడు తర్వాత క్షణకాలం కమ్మే తెల్లటి గుమ్మటానికి ఆయన పేరు ఇప్పటికే ఉంది. 1946 జులై 25న బికినీ దీవుల దగ్గర అమెరికా నీటి అడుగున అణుబాంబు పేల్చినప్పుడు అది కమ్మింది. పేలుడు తోసిన ఒత్తిడి అల వెంటే ఒత్తిడి తగ్గిన అల వస్తుంది. తడిగాలి అందులో చల్లబడి మబ్బవుతుంది. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. 200 మందికి పైగా చనిపోయారు. ఆ వీడియోల్లో తెల్లటి గుమ్మటం నగరం మీద లేవడం ప్రపంచమంతా ఫోన్లలో చూసింది. గంటలైనా గడవకముందే, అది అణుబాంబేనని ఆ మబ్బునే సాక్ష్యంగా చూపుతూ పుకార్లు పుట్టాయి. ఆప్తుల కోసం శిథిలాల్లో వెతుక్కుంటున్న జనం మీద ఆ భయం కూడా పడింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ఆగస్టు నెల, తడిగాలి. ఆ మబ్బు చెబుతున్నది అంతే. ఫొటో కింద తప్పు వ్యాఖ్య రాస్తే ఏం కొంప మునిగిందని అడిగేవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఇది. ఒక మబ్బును తప్పుగా చదవడం అలవాటైనవాళ్లు, ఇంకో మబ్బునూ తప్పుగానే చదువుతారు.

ఒక వానాకాలం విశాఖపట్నంలో దిగుతున్న విమానంలో, రెక్కకు కాస్త వెనకగా నాకు కిటికీ సీటు దొరికింది. విమానం మలుపు తిరిగి, రెక్క వెనక ఫ్లాపులు కిందికి దిగాయి. రెక్క వీపు మీద పలచటి తెల్లపొర వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఫ్లాపు చివరనుంచి పురి తిరిగిన తెల్లదారం ఒకటి వెనక్కి సాగింది. పక్క సీటులోని పెద్దావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

“బాబూ, రెక్కలోంచి పొగొస్తోందయ్యా.”

“పొగ కాదమ్మా, ఆవిరి. మన ఊరి ఉక్కపోతే అక్కడ మబ్బు కట్టింది.”

“దిగేదాకా ఉంటుందా?”

“ఉంటుందమ్మా, గాలిలో తడి ఉన్నంతసేపూ.”

ఆవిడ చెయ్యి వదిలి, నా మీదుగా వంగి, చక్రాలు నేలను తాకేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. ఆ సమయంలో విమానం వేగం గంటకు 250 కిలోమీటర్లకు అటూ ఇటూ, అంటే ధ్వని వేగంలో అయిదో వంతు. మబ్బు కట్టడానికి ధ్వనిని దాటనక్కర్లేదని చెప్పేందుకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. చాలా ఎత్తున విమానాల వెనక సాగే పొడవాటి తెల్లచారలు మాత్రం వేరు. అవి ఇంజను వదిలిన తేమ, ఆ చలికి మంచుపలుకులుగా మారినవి. ఈ పొర పుట్టింది ఇంజనులోంచి కాదు, మనం పీల్చే గాలిలోంచి.

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం సందర్భంగా విశాఖ ఆర్కే బీచ్‌లో విన్యాసాలు జరిపినప్పుడు వేలమంది పిల్లాపాపలతో వస్తారు. యుద్ధవిమానం గట్టి మలుపు తీసుకున్నప్పుడు రెక్కల మీద తెల్లటి పొర కనిపిస్తే, ధ్వని గోడ బద్దలైందని పిల్లలకు చెప్పకండి. ఇసకలో నిలబడ్డ మన చుట్టూ కూడా అవే నీళ్లున్నాయని చెప్పండి. సోడా కొనిచ్చి, సీసా మెడ వైపు చూడమనండి. వానాకాలంలో విమానం ఎక్కితే, డబ్బు కాస్త ఎక్కువైనా సరే, రెక్కకు వెనక వరసలో కిటికీ సీటే తీసుకోండి.